మావిస్ మంచి తువ్వాలు

"నా మంచి తువ్వాలే దొరికిందా నీకు?" మావిస్ మొగుణ్ణి గుమ్మంలోనే పట్టుకుంది.

"పాతవి గరుకు. ఈ లీక్ పొర గీసుకుపోతుంది," అన్నాడు ఆర్నల్డ్.

"మరి నా తోలో? పెళ్లయిన నాటి నుంచీ ఆ గరుకు వాటితోనే తుడుచుకుంటున్నా."

అతను వినిపించుకోలేదు. బస్సు డిపోలో సీట్లు తుడిచి తుడిచి వంకరపోయిన వేళ్ళతో, మోచేయంత లావు లీక్‌ని నీలం తువ్వాల్లో చుట్టాడు. చూడ్డానికి పెద్ద ఉల్లికాడ. నార్తంబర్లాండ్‌లో, గనులు మూతబడ్డ ఆ ఊళ్లో మాత్రం ఏటా పోటీ పెట్టి, అన్నిట్లోకీ మంచిదానికి కప్పు ఇస్తారు. ఆర్నల్డ్‌కి ఎన్నడూ రాలేదు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈసారీ రాకపోతే లీక్‌లు పెంచే అద్దె మడి వదిలేస్తానని మావిస్‌కి మాటిచ్చాడు.

క్లబ్బులో జడ్జి లీక్‌ని బొటనవేలితో నొక్కి, తల అడ్డంగా ఊపాడు. లోపల పువ్వు కాడ గట్టిపడింది. అలాంటిది పోటీకి పనికిరాదు. ఇంట్లో నొక్కి చూస్తే ఆర్నల్డ్‌కీ తెలిసేది. మచ్చ పడుతుందని తన వేలు కూడా తగలనివ్వలేదు.

ఓదార్చేవాళ్ళు వరసగా వచ్చారు. ఆ ఊళ్లో బాధ అన్న మాట ఎవరూ అనరు. దెబ్బ ఒంట్లో ఎక్కడ తగిలిందో చెబుతారు.

"మూతి మీద తన్నినట్టేరా," అన్నాడు పక్క మడి జెఫ్.

"కడుపులో గుద్దినట్టు లేదూ!" అంది టీ పోసే ఆవిడ.

"మిగతా ఒళ్ళు బాగానే ఉందిలెండి," అని ఆర్నల్డ్ నవ్వాడు. తువ్వాలు మడతపెట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది. మావిస్ అది చూసింది.

ఆదివారం భోజనానికి కూతురు లిన్ వచ్చింది. ఓడిన లీక్‌ని తరిగి, పిండి ముద్దలో చుట్టి ఉడికించడం ఆనవాయితీ. ఆర్నల్డ్ ఒక ముక్క నమిలి ఫోర్కు కింద పెట్టాడు.

"మడి తాళం రేపు ఇచ్చేస్తాను."

లిన్ తల్లి వైపు చూసింది.

"ఇవ్వక్కర్లేదు," అంది మావిస్, గ్రేవీ పోస్తూ. "వంగే పని నాది. కుర్చీలో కూర్చుని తప్పులు పట్టే పని నీది. అదెలాగూ నీకు వచ్చు."

"నీకా? లీక్ గురించి ఏం తెలుసు నీకు?"

"కేకు ఉడికిందో లేదో నొక్కి చూడ్డం తెలుసు. వచ్చే ఏడు జడ్జి కంటే ముందు నేను నొక్కుతా."

లిన్ పకపకా నవ్వింది. ఆర్నల్డ్ ఇంకో ముక్క వడ్డించుకున్నాడు.

వెనక గుమ్మం పక్కన, మడి తాళం ఉన్న మేకుకే, మట్టి మరక వదలని నీలం తువ్వాలు వేలాడుతోంది.