సావిత్రి ఆఖరి డ్యూటీ

శాలిబండలో ఫిల్ము కడగాలంటే సక్కుబాయే కడగాలి. చుట్టుపక్కల స్టూడియోలన్నీ జిరాక్స్ దుకాణాలైపోయినా ఆమె తన చీకటిగదికి తాళం వేయలేదు. అరవై దాటినా పొగరు తగ్గలేదని గల్లీలో అంటారు. పనితనం ఉన్న మనిషికి ఆ మాత్రం ఉండదా మరి!

ఆ రోజు హరిచందన ఏడుపు మొహంతో వచ్చింది. వాళ్లమ్మ సావిత్రి సిటీ బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ల కొలువు నిన్నటితో ముగిసింది. ఆ ఆఖరి డ్యూటీని కూతురు పట్టుబట్టి ఫిల్ము కెమెరాతోనే తీసింది.

"ఫోన్ల ఫొటోలు వేలకు వేలున్నయి పెద్దమ్మా, ఒక్కటన్న మళ్ల చూడం. గందుకే ఒక్కొక్కటి ఆలోచించి తీసిన. ముప్పై ఫొటోలు అయినంక డ్రైవర్ రాజన్న మామ, ఎట్లొచ్చిందో చూస్తనని కెమెరా వెనుక మూత తెరిసిండు!"

సక్కుబాయి నెత్తి కొట్టుకుంది. తీసిన మరుక్షణం చూసుకోవడం అలవాటైన లోకం! వెలుగు తగిలితే ఫిల్ము మాడిపోతుందని ఎవరికి గుర్తుంది?

"మీ అమ్మది ఎన్నో ఫొటో?"

"మొదట్లనే. టికెట్ కొడుతుంటె తీసిన."

"గట్లయితే ఫికర్ చెయ్యకు. ముందుగల తీసినయి చుట్ట లోపట ఉంటయి. పైనయే కాలుతయి."

ధైర్యమైతే చెప్పింది కానీ తనకే నమ్మకం లేదు. ఈ ఫిల్ము పోతే సావిత్రికి ఇంకో ఆఖరి రోజు రాదు కదా. తలుపు వేసుకుని, కటిక చీకట్లో వేళ్లనే కళ్లు చేసుకుని ఫిల్మును డబ్బాలో చుట్టింది. కడిగి వెలుగులో ఎత్తి చూస్తే సగానికి పైగా బొగ్గులా నల్లగా ఉంది. మొదటి తొమ్మిది మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. సక్కుబాయికి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం సావిత్రే వచ్చి ప్రింటు చేతిలోకి తీసుకుంది. కిక్కిరిసిన బస్సులో భుజాన సంచితో నిటారుగా నిలబడి ఉంది తను.

"ముప్పై ఏండ్లు అందరు నా చేతి దిక్కే చూసిన్రు అక్కా, టికెట్ కోసం, చిల్లర కోసం. నా మొఖం నేను గూడ గింత మంచిగ చూసుకోలే," అంది కళ్లు తుడుచుకుంటూ. "మస్తున్న గదా!"

"ఉండవా మరి? కడిగింది ఎవరనుకున్నవ్!" అంది సక్కుబాయి.