పార్లరావిడ పెద్ద వాచీ

కుట్టుమిషను పిన్ని ఎదురింటావిడతో అన్నదట, ఎదురింటావిడ పాలాయన చెవిన వేసిందట, ఆయన ఇంటింటికీ పాలతో పాటు ఈ కబురూ పోసి వెళ్లాడట: పార్లరావిడకి గుండెలో ఏదో తేడా వచ్చిందనీ, డాక్టర్లు ఆవిడ ఎడమ చేతికి మూకుడంత యంత్రం బిగించారనీ, అది చీకట్లో పచ్చగా వెలుగుతుందనీ, ఆ వెలుగు ఆరిందంటే ఇక అంతేననీ. సాయంత్రానికల్లా కుట్టుమిషను పిన్నే స్వయంగా బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చేసింది.

పార్లరావిడ బత్తాయిలు పుచ్చుకుని, వాటిలోంచే రసం తీసి పిన్నికిచ్చి, చెయ్యి చాపి చూపించింది.

"యంత్రమూ లేదు, మంత్రమూ లేదు పిన్నీ. వాచీ."

"వాచీయా! ఇంత లావుదా?"

"నీళ్లలో మునిగేవాళ్లు పెట్టుకునేదట."

"నీకు ఈతొచ్చా?"

"రాదు. బకెట్లో చెయ్యి ముంచడం వచ్చు."

ఆ మాట నిజం. మొగుడూ పెళ్లాలిద్దరికీ షాపు ఒకటే గది, మధ్యన ఛాతీ ఎత్తు చెక్క అడ్డం. ముందువైపు ఆయన మగవాళ్లకి కటింగులూ గడ్డాలూ. వెనకవైపు ఆవిడ ఆడవాళ్లకి తలలు కడగడం, రంగులు వేయడం, కనుబొమలు దిద్దడం. గోడ గడియారం ముందువైపు ఉంది. వెనకవైపు అద్దాలకే చోటు చాలదు. ఎవరి తలకైనా రంగు పట్టించాక ఎంతసేపయిందో తెలియాలంటే అడ్డం మీదుగా కేకెయ్యాలి, "ఏమండీ, టైమెంతయిందీ?" అని. ఆయన చెప్పే టైము గడియారాన్ని బట్టి కాక ఆకలిని బట్టి ఉండేది. కడుపులో ఎలకలు పరిగెడుతుంటే పన్నెండింటికే ఒంటిగంట కొట్టించేవాడు. ఫోను చూసుకుందామా అంటే చేతులనిండా రంగు. ఆయన ముచ్చటపడి కొనిచ్చిన బంగారు రంగు చిన్న వాచీలు, చింతగింజంత డయలువి, నెల తిరక్కుండానే అద్దంలో ఆవిరి పట్టి గుడ్లు తేలేసేవి.

అందుకే ఈసారి ఎవరినీ అడక్కుండా తనే వెళ్లింది. వాచీల షాపతను అలవాటుగా ఆడవాళ్ల ట్రే తీశాడు. ఆవిడ కళ్లు మాత్రం పక్క అద్దాల బీరువాలో నల్లగా, దిట్టంగా, కుస్తీకి దిగినవాడిలా కూర్చున్న వాచీ మీద పడ్డాయి.

"అది మగవాళ్లదమ్మా. సముద్రంలోకి దూకేవాళ్లది. రెండొందల మీటర్ల లోతుకైనా నీళ్లు దూరవు. బ్యాటరీది, కీ ఇచ్చే పని లేదు."

"మా బేసిను అంత లోతుండదు గానీ, పర్లేదు. ఇలా ఇవ్వండి."

డయలు చుట్టూ పళ్లపళ్లుగా ఒక చక్రం ఉంది. దాని మీది తెల్ల చుక్కని నిమిషాల ముల్లు దగ్గరికి తిప్పి పెడితే, అక్కణ్ణుంచి ఎన్ని నిమిషాలయ్యాయో చక్రం మీది అంకెలే చెబుతాయి. ఆ చక్రం ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి కదిలినా, అయినదానికన్నా ఎక్కువసేపయినట్టు చూపిస్తుందే గానీ తక్కువ చూపించదు. నీళ్ల అడుగున ఉన్నవాడు, ఇంకా గాలి మిగిలుండగానే పైకొచ్చేస్తాడన్నమాట. ఎవరో ముక్కూమొహం తెలియని మునిగేవాడి ప్రాణం గురించి అంత ముందుచూపుతో ఆలోచించిన వాచీ మీద ఆవిడకి అక్కడికక్కడే ప్రేమ పుట్టింది.

ఏళ్ల తరబడి తలలు రుద్దీ తువ్వాళ్లు పిండీ గట్టిపడిన మణికట్టు ఆవిడది. వాచీ దాని మీద ఇంటికొచ్చినట్టు కుదురుగా కూర్చుంది. ఆ రోజు ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. బేసినులో ముంచి తీసింది, సబ్బు నురగలో దొర్లించింది, కుళాయి కింద పెట్టి కడిగింది. తువ్వాళ్ల అలమరలోకి తలదూర్చి తలుపు వేసుకుని, పచ్చగా వెలిగే ముళ్లు చూసుకుని నవ్వుకుంది. తల కడిగించుకోవడానికొచ్చిన టీచరమ్మని కూడా ఆ అలమరలోకి దూర్చి చూపించింది.

మొగుడు తన చేతికి పెట్టి చూసుకున్నాడు. అది గాజులా గిర్రున తిరిగి కిందికి వేలాడింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"మగాళ్ల వాచీ పెట్టుకుని ఆడవాళ్ల తలలు ముట్టుకుంటే ఎవరొస్తారే మన షాపుకి? ఒక్కరంటే ఒక్కరు, ఈ వాచీ వల్ల నా తల పాడైందన్నారో, తీసి బీరువాలో పడెయ్యాలి. సరేనా?"

"సరే. పందెం," అంది ఆవిడ, ఊపులో ఉండి. రోజులు దర్జాగా గడిచాయి. చక్రం తిప్పడం, రంగు పట్టించడం, చక్రం చూసి కడగడం. అడ్డం మీదుగా కేకలు ఆగిపోయాయి. ఒక్కోసారి ఆయనే అవతలినుంచి ఊరికే టైము చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా.

అలా ఉండగా అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈ అత్తగారి నోట "బాగుంది" అన్న మాట ఇంట్లో ఎవరూ విన్నట్టు లేదు. కూర తినేసి గిన్నె ముందుకు తోసిందంటే కుదిరిందని అర్థం.

"అమ్మాయ్, ఇవాళ మా బడి సావాసగత్తెలంతా కలుస్తున్నాం. ఆ పొడుగుజడ కూడా వస్తుంది. చిన్నప్పుడు జడ ఊపుకుంటూ మా మొహాల మీద కొట్టేది. దానిముందు నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక కనపడిందా, చూసుకో."

"కాటుకలా నల్లగా చేసి పంపిస్తాగా అత్తయ్యా!"

రంగు పట్టించి, చక్రం తిప్పి పెట్టింది. తువ్వాళ్లు పిండింది, దువ్వెనలు కడిగింది, బేసిను తోమింది. చూస్తే చక్రం టైము అయిపోయిందంటోంది. తల కడిగి ఆరబెడుతుంటే రంగు అదోలా ఉంది. నల్లగా లేదు. అక్కడక్కడ తేనె రంగు, మధ్యమధ్య వెండి చారలు. అనుమానమొచ్చి ఈసారి చక్రాన్ని వదిలేసి ముళ్లను చూసింది. పెట్టాల్సిన దాంట్లో సగం సేపు కూడా కాలేదు! బేసిను తోముతున్నప్పుడు చక్రం అంచుకి రాసుకుని జరిగిపోయింది. ఆ మునిగేవాణ్ణి కాపాడే తెలివే ఇవాళ తనని ముంచింది.

"అత్తయ్యా, ఇంకోసారి కాస్త రంగు..."

"బయట కారు హారను కొడుతోంది, వినపళ్లా? ఇంకో అద్దం పట్టు, వెనక చూడాలి." ముందు చూసింది, వెనక చూసింది. "హుఁ" అంది. వెళ్లిపోయింది.

మొగుడు అడ్డం మీదుగా తల పెట్టాడు. "ఏంటే అది? మా అమ్మ తల కొబ్బరిపీచులా చేశావు! సాయంత్రం రానీ. బీరువా తాళం రెడీగా పెడతా."

మధ్యాహ్నమంతా ఆవిడకి పని మీద మనసు లేదు. ఒకసారి వాచీ విప్పి చూసుకుంది. పట్టీ కింద చర్మం కొత్తగా తెల్లబడి ఉంది. ఆ చోటు బోసిగా కనపడి, చూడలేక మళ్లీ పెట్టుకుంది, ఇంకో రంధ్రం బిగించి మరీ.

చీకటి పడకముందే కారు ఆగింది. అత్తగారు ఒక్కతే దిగలేదు, వెనక ముగ్గురు ఆడవాళ్లు. ముగ్గురి తలలూ బూటుపాలిష్ పెట్టినట్టు నిగనిగలాడుతున్నాయి.

"ఈ అమ్మాయేనా?" అంది వాళ్లలో పొడుగాటావిడ. జడ ఏనాడో పోయింది గానీ ఊపు మాత్రం మిగిలింది. "ఏం తల్లీ, మీ అత్తకి ఏం రంగు వేశావు? మేమంతా వరసగా కూర్చుంటే కాకులు వాలినట్టుంది. దీని తలొక్కటే తలలా ఉంది. ఏ కంపెనీ? చెప్పవే, నాకూ అదే కావాలి."

"నాకూ!" "ముందు నాకు, నా మోకాళ్లు నిలబడనివ్వవు!"

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది, కొత్తగా గద్దెనెక్కినట్టు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. నాలుక చివరిదాకా ఏదో గొప్ప పేరు వచ్చింది కూడా. కానీ వాళ్ల మొహాలు చూశాక అబద్ధం పెగల్లేదు.

"కంపెనీ అదే పెద్దమ్మా. నేనే పొరపాటున సగంలో కడిగేశాను. ఈ వాచీ చక్రం బేసినుకి తగిలి జరిగిపోయింది. మీకూ సగంలోనే కడుగుతాను, కావాలంటే. ఈసారి కావాలనే."

"అయితే చక్రం తిప్పు, ఆలస్యమెందుకు!" అని పొడుగుజడ అప్పుడే తువ్వాలు మెడకి చుట్టేసుకుంది. అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు.

అవతల గడ్డం గీస్తున్న మొగుడు కత్తి పట్టుకునే అడ్డం దగ్గరికొచ్చాడు. సగం నురగతో ఉన్న ఆయన ఖాతాదారు కూడా మెడ సాచాడు.

"విన్నావా అమ్మా? దాని నోటితోనే ఒప్పుకుంది. వాచీ వల్లే చెడిందట. మాటంటే మాటే, తీసి బీరువాలో పెట్టమను. అయినా ఆడదాని చేతికి అంత లావు వాచీ ఏం బాగుంటుంది, నువ్వే చెప్పు!"

అత్తగారు అద్దంలోంచి కొడుకు మొహం తీరిగ్గా చూసింది.

"ఒరేయ్, పెళ్లినాటినించీ ఆ మీసం మూతి మీద పెట్టుకుని తిరుగుతున్నావు. ఏం బాగుందని మేమెవరమైనా అడిగామా?"