బూరుగు దూది

పిల్లల షెడ్డులోంచి యాతిని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు కార్తో మేస్త్రీ. నాలుగేళ్ల పిల్ల. చెవిలోంచి చీము మెడ మీదికి కారుతోంది.

"ఎవత్తిదే ఇది? కంపు! చెవి కారే పిల్లల్ని షెడ్డుకి తేవద్దని దొర చెప్పలా?"

తల్లి తుమిని పనికెళ్లే లారీ దిగి పరుగెత్తుకొచ్చింది. "ఎక్కడ పెట్టమంటావు? నెత్తిన పెట్టుకుని పళ్లు ఏరనా?"

"నీ పిల్ల, నీ ఖర్మ. పనిలోకి రాకపోతే గది ఖాళీ చెయ్యి."

సుమత్రాలో ఆ పామాయిల్ తోట నడిచేదే అట్లా. మగవాళ్లు గెలలు కొయ్యాలి, ఆడవాళ్లు రాలిన పళ్లు ఏరాలి. ఇద్దరూ పనిలో ఉంటేనే కూలీల లైనులో గది.

పక్కగది సరిమి ఉపాయం చెప్పింది. "బూరుగు దూది కుక్కి పైన గుడ్డ కట్టవే. మావాణ్ణి అట్లాగే పంపుతున్నా. లైనంతా అదే."

తుమిని కుక్కింది. చీము బయటికి రాలేదు. మేస్త్రీ నోరెత్తలేదు. ఆమెకు అదే చాలనిపించింది.

కోత ముమ్మరంగా సాగే రోజుల్లో ఒక సాయంత్రం గెలల లారీ లైను వైపు తిరిగొస్తోంది. యాతి దారి మధ్య కూచుని మట్టితో ఆడుతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. జనం కేకలేశారు. పిల్ల తల తిప్పలేదు. తుమిని దూకి లాగింది. చక్రం గౌను అంచు తొక్కి ఆగింది.

"చెవిటి పిల్లని రోడ్డు మీద వదులుతారా?" అని తిట్టాడు డ్రైవరు.

తుమిని దూది పీకింది. కుళ్లిన వాసన. ఆ చెవి దగ్గర చప్పట్లు కొట్టింది. పిల్ల కదల్లేదు. రెండో చెవి దగ్గర కొట్టింది. ఆలస్యంగా తిరిగింది. ఆ ఒక్కటే మిగిలింది. అదీ తడిగానే ఉంది.

పిల్లని చూపించబోతే తోట కాంపౌండరు తలుపు సగమే తీశాడు. "ఏట్లో ముంచుతారు, చెవులు కారుతాయి. మీ మురికికి మందుందా?"

బట్టలుతికే బండల దగ్గర ఆడవాళ్లు చుట్టూ మూగారు. తుమిని గొంతు పగిలేట్టు అరిచింది.

"ఏటి వల్లంట! దొర పిల్లలు ఆ ఏట్లోనే ఈదుతారు. వాళ్ల చెవులు కారుతున్నాయా?"

"వాళ్లు మనలా ఒక గదిలో రెండు సంసారాలు ఉంటారా?" అంది సరిమి. "ఒకడికి జలుబొస్తే తెల్లారేసరికి అందరూ తుమ్ముతారు."

"పొయ్యీ ఆ గదిలోనే. పొగంతా పిల్లల ముక్కుల్లోకే. పైగా మన మొగుళ్ల లవంగం సిగరెట్లు!" అంది ఇంకొకత్తి.

అందరూ షెడ్డు ఆయా వాగియా వైపు తిరిగారు. "నువ్వు పసివాళ్ల నోట్లో సీసా పెట్టి, కింద గుడ్డచుట్ట దోపి పడుకోబెడతావు గదా పిన్నీ! పడుకుని తాగితే పాలు చెవుల్లోకి ఎక్కవూ?"

"నేనొక్కత్తిని!" వాగియా ఏడుపు గొంతుతో లేచింది. "ఇంతమందిని ఒళ్లో ఎట్లా పెట్టుకోనే? మీరొచ్చి పట్టండి. రానిస్తాడా ఆ దొర?"



"రానివ్వడు," అంది తుమిని. "వాడు తేవద్దన్నాడు, మనం దాచాం. వాడి తప్పుని మన పిల్లల చెవుల్లో మన చేత్తోనే కుక్కాం. రేపు హాజరు దగ్గర ఈ దూది తీసేద్దాం. అందరం."

"గది పోతే?" సరిమి గొణిగింది.

"ఒకత్తి తీస్తే పోతుంది. అందరం తీస్తే, పళ్లు వాడి పెళ్లాం ఏరుతుందా?"

సరిమి నవ్వలేక నవ్వింది.

మర్నాడు హాజరు మైదానంలో మేస్త్రీ పేర్లు పిలిచాడు. పలికినవాళ్లు లేరు. తుమిని యాతి చెవికి కట్టిన గుడ్డ విప్పింది. సరిమి విప్పింది. లైను లైనంతా విప్పింది. చీము పట్టిన దూది మైదానం నిండా పడింది. అసిస్టెంట్ దొర జేబురుమాలుతో ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటీ అసహ్యం? లారీ ఎక్కండి!"

"ముక్కు మూసుకోకు దొరా! ఇది నీ తోట వాసనే," అంది తుమిని. "గదికో సంసారం ఉంచు. పొయ్యిలకు బయట పాక వెయ్యి. పాలు పట్టే వేళకు తల్లుల్ని వదులు. చెవుల డాక్టర్ని పిలిపించు. అప్పుడు ఎక్కుతాం."

మగవాళ్లు గెలల కత్తులు కింద పెట్టి ఆడవాళ్ల వెనక నిలబడ్డారు.

పోలీసు జీపు వచ్చింది. తుమినిని జుట్టు పట్టి ఎక్కించారు. యాతి వాగియా చంకలో గింజుకుంది. జీపు కదులుతుంటే తుమిని బయటికి వంగి అరిచింది.

"ఎక్కొద్దే! ఒక్కరూ ఎక్కొద్దు!"

యాతికి వినబడలేదు. మైదానమంతా విన్నది. తల్లులు లారీ చక్రాల ముందే బాసింపట్టు వేసుకుని కూచుని, పిల్లల్ని ఒళ్లోకి తీసుకుని పాలు పట్టడం మొదలుపెట్టారు.