కార్డు తెరిస్తే కనిపించే టైము

నాకు కుదురు లేదని మా అమ్మ చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉంది. ఈరోజు మాత్రం కుర్చీలో ముళ్ళున్నట్టే ఉంది. రెండున్నరకే మూడో టీ అయిపోయింది. నాలుగింటికి మేనేజరు గదిలో మీటింగు. మా మరదలి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అందులో తేలిపోతుంది.

మరదలంటే మా తమ్ముడి భార్య. ఈ ఆఫీసులో చేర్పించింది నేనే. మేము ఆసుపత్రి వార్డులకి ప్రోగ్రాములు రాస్తాం. రోగికి మందు వెయ్యాల్సిన వేళకి నర్సు బల్లమీద గంట మోగాలి. ఆ గంట పని మరదలిది. పోయిన వారం ఒక వార్డులో పెట్టి చూస్తే పన్నెండో నంబరు మంచానికి గంట మోగలేదు. నర్సమ్మ తన పుస్తకం చూసుకుని మందు వేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మా అందరి కొంపా మునిగేది.

తప్పు జరిగినందుకు కాదు మేనేజరు కోపం. "తప్పులు చెయ్యని మనిషిని నేనింతవరకూ చూడలేదు. కానీ చూడకుండానే చూశానని చెప్పే మనిషితో ఆసుపత్రి పని చేయించలేను" అన్నాడు. ఎందుకంటే మరదలిది ఒకటే పాట. "నేను చూశానండీ. ఒక్కో మంచం తెరిచి చూశాను. అన్నిటికీ టైము ఉంది."

ప్రోగ్రాము నడుస్తుండగానే దాని లోపలున్న దేన్నైనా తెరిచి, అందులో ఏముందో చూసే కిటికీ ఒకటి మాకుంటుంది. దాన్ని ఇన్‌స్పెక్టర్ అంటాం. మామూలుగా అయితే అది పేర్లూ అంకెలూ వరసగా కుమ్మరిస్తుంది, చూస్తే కళ్ళు తిరుగుతాయి. మనకి కావలసినట్టు దానికి వేరే రూపం తొడగొచ్చు. రోగి వివరాలకి అలా ఒక కార్డు తయారుచేసింది నేను. పైన పేరు, పక్కన మంచం నంబరు, కింద ఆకుపచ్చ పట్టీలో తర్వాతి మందు టైము. ఆఫీసంతా మెచ్చుకుంది. సిగ్గెందుకు, నేను కూడా రోజుకి నాలుగుసార్లు ఊరికే తెరిచి మురిసిపోయేదాన్ని.

అందుకే మొన్న అందరిముందూ తనమీద విరుచుకుపడ్డాను.

"కార్డులో టైము ఉంటే గంట ఎందుకు మోగదు? నువ్వు చూస్తే ఉంటుంది, చూడకపోతే మాయమైపోతుందా? అదేమన్నా దెయ్యమా? చూడలేదని ఒప్పుకో, గొడవ వదిలిపోతుంది."

"నిజంగా చూశాను వదినా" అంది.

అక్కడితో ఊరుకున్నానా? నిన్న సాయంత్రం వాళ్ళింటికెళ్ళి, తమ్ముడి ముందు కూడా నోరు పారేసుకున్నాను. "మీ ఆవిడకి కాస్త నిజం చెప్పడం నేర్పరా" అన్నాను. వాడు తల దించుకున్నాడు. రోజూ ఆఫీసు దగ్గర దింపేవాడు. ఈరోజు తను ఒక్కతే బస్సులో వచ్చింది.

మీటింగులో పన్నెండో మంచం కార్డు పెద్ద తెరమీద చూపించాలి. ఊరికే కూర్చోలేక ఆ పట్టీ రంగు మార్చబోయాను. ఆ తొందరలో ఎక్కడో ఒక అక్షరం తప్పు కొట్టాను. వార్డునుంచి తెచ్చుకున్న రోగుల వివరాల కాపీ కంప్యూటర్లో కొత్తగా ఎక్కించి, పన్నెండో మంచం నొక్కితే కార్డు రాలేదు. నా కార్డు పాడైతే ఇన్‌స్పెక్టర్ పాత పద్ధతిలో అన్నీ కుమ్మరిస్తుంది. ఛీ అనుకుంటూ మూసెయ్యబోయి ఆగాను.

తర్వాతి మందు టైము దగ్గర ఏమీ లేదు. ఖాళీ.

తప్పు దిద్ది కార్డు తెరిచాను. ఎనిమిది గంటలు అని ఉంది. మళ్ళీ ఆ పాత వరస తెరిచాను. అందులోనూ ఎనిమిది గంటలే! ఇప్పుడేగా ఖాళీగా చూశాను, నా కళ్ళతో! కాపీ మళ్ళీ మొదటినుంచి ఎక్కించి, ముందు పాత వరస తెరిచాను. ఖాళీ. కార్డు తెరిచాను. ఎనిమిది.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు, రాసింది నేనే కదా. మూడు నెలల కిందట, పట్టీ ఖాళీగా ఉంటే అసహ్యంగా ఉందని కార్డులో ఒక వాక్యం ఇరికించాను. టైము లేకపోతే లెక్కకట్టి అక్కడే రాసిపెట్టమని. చూపించడానికి చేసిన కార్డు, తెరిచిన ప్రతిసారీ లోపల టైము నింపేస్తోంది. వేరే వార్డునుంచి మారి వచ్చిన రోగులకి టైము నింపడం మరదలు మరిచిపోయిన మాట నిజమే. కానీ ఆ సంగతి తనకెలా తెలుస్తుంది? తను తెరిచిన ప్రతి మంచమూ సరిగ్గానే కనిపించింది. వార్డులో ఎవరూ కార్డు తెరవరు, గంట మోగదు.

దాచడమెందుకు, ఆ వాక్యాన్ని గుట్టుచప్పుడు కాకుండా తీసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఎవరు చూడొచ్చారు? తలెత్తితే రెండు బల్లల అవతల మరదలు అప్పుడే తన సామాను సంచిలో సర్దుకుంటోంది. నామీద నాకే అసహ్యం వేసింది.

నాలుగింటిదాకా ఆగలేకపోయాను. తనని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, మేనేజరు గది తలుపు తోసి, పెద్ద తెరమీద అంతా మూడుసార్లు చేసి చూపించాను.

"తను చూశానన్నది నిజం. అబద్ధం చెప్పింది నా కార్డు. అది నమ్మి ఈ పిల్లని అబద్ధాలకోరన్నది నేను" అన్నాను.

"ఆ మారి వచ్చిన రోగుల సంగతి ఈ అమ్మాయే సరిచేస్తుంది. మీరు మాత్రం ఆ కార్డు ఇప్పుడే తీసెయ్యండి" అన్నాడు మేనేజరు.

బయటికొచ్చాక "నన్ను క్షమించవే" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇక్కడ చెప్పారు, సరే. ఇంట్లో ఎవరు చెప్తారు వదినా?"

ఆ వరండాలోనే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను.

"ఒరేయ్, వింటున్నావా?"

"వింటున్నానక్కా. తను రాత్రంతా ఇదే చెప్పింది. నా మీద ఒట్టేసి మరీ చెప్పింది. నువ్వెందుకు పొరపాటు పడతావులే అని, నేను తనని నానా మాటలూ..." ఆగిపోయాడు. "తను ఎక్కడుంది?"

"ఇక్కడే ఉంది. వింటోంది."

మరదలు నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. మాట్లాడుతుందనుకున్నాను. కట్ చేసి మళ్ళీ నా చేతిలో పెట్టింది.

"కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంటాను వదినా. ఆయన వచ్చి అడిగినా పంపించకండి. నాకు వెళ్ళాలనిపించినప్పుడు నేనే వెళ్తాను."

కాదనడానికి నాకు మొహమెక్కడిది? బ్యాగులోంచి ఇంటి తాళంచెవి తీసి ఇచ్చాను.