నాలుగో ఉత్తరం

ఒక్క ఉత్తరం కోసం కొండమీది ఊరికి ఎక్కే మనిషి కాదు మన పోస్టుమ్యాన్. మోకాళ్లు మొరాయిస్తాయి పాపం. నాలుగు పోగయ్యేదాకా సంచిలోనే ఉంచుకుని, ఒకేసారి ఎక్కేవాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. పైనున్న చెల్లెలు ఎగతాళి చేయడం తప్పితే, ఒక్కరూ నోరెత్తి అడగలేదు.

ఈసారి మొదట వచ్చింది ఊరిపెద్ద పేరిట సర్కారు కవరు. పోయిన నెల కొండమీద పగుళ్లు కొలిచి వెళ్లారే, ఆ ఆఫీసుది. "వాళ్లకే లేని తొందర నాకెందుకు?" అనుకున్నాడు మహానుభావుడు. ఐదు రోజులు గడిచాయి. ఇవాళ పొద్దున నాలుగోది రాగానే కాలిబాట పట్టాడు.

ఊట దగ్గర దోసిలి పట్టి, నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. వారంగా చినుకు లేదు, అయినా నీళ్లు బురద బురదగా ఉన్నాయి. ఇంకాస్త పైన, ఎప్పుడూ కూలబడి కాళ్లు పిసుక్కునే బండ కనబడలేదు. వెతికితే కింద లోయ అంచున తేలింది. అది ఉన్నచోట చేయి దూరేంత చీలిక.

ఇన్నేళ్లలో పరాయి ఉత్తరం చించని మనిషి, ఆ కవరు చించాడు. ముప్పై ఇళ్లవాళ్లూ మొన్న ఆదివారంలోగానే దిగిపోవాల్సిందట. ఇవాళ మంగళవారం.

మోకాళ్ల మాటే మరిచి పరుగెత్తాడు.

"ఏం అన్నయ్యా, నాలుగూ పోగయ్యాయా?" గుమ్మంలోంచి నవ్వింది చెల్లెలు.

"నవ్వులకేం గాని, పాపను తీసుకుని బయటికి రా! అందరినీ పిలువు! కొండ జారిపోతుందట!"

ఆమె కాగితం లాక్కుని చదివింది. కవరు తిప్పి తేదీ ముద్ర చూసింది. అది వేసింది అతనే.

"ఐదు రోజులు సంచిలో పెట్టుకు తిరిగావా?"

"తప్పయిపోయిందే తల్లీ, ఘోరం చేశాను. తర్వాత చంపుదువుగాని, ముందు నడువు."

ఊరంతా కేకలు. పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్లను పట్టుకుని అందరూ బాట మొదట్లోకి చేరారు. "నా వెనకే రండి" అంటూ అతను అడుగు వేయబోయాడు. కింద ఊట వైపునుంచి పెద్ద చప్పుడు లేచింది. దుమ్ము కమ్మేసింది. అది అణిగేసరికి బాటకు రెండు మెట్లు మిగిలాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

అతను వెనక్కి తిరిగాడు. "ఇంకో దారేదైనా ఉందేమో చూడవే..."

పాపను గుండెకు హత్తుకుని చెల్లెలు అతనివంక చూసింది.

"ఉంటే, ఆ మోకాళ్లతో ఇన్నేళ్లూ ఇటే ఎందుకొచ్చావు అన్నయ్యా?"