యాభై తొమ్మిదో నంబరు ఇంజను

రెజ్ చిడ్జీ కాలు విరగ్గొట్టుకున్నది రైలు కట్ట మీదే అయినా, అందులో రైలు తప్పేమీ లేదు. కంచె దాటబోయి జారాడు. పడుతూ కెమెరాను గుండెలకు హత్తుకున్నాడు కాబట్టి దానికి గీత కూడా పడలేదు. చీలమండ పైన ఎముక మాత్రం రెండు చోట్ల విరిగింది. మోకాలి దాకా పిండికట్టుతో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున భార్య మ్యూరియల్‌తో అతను అన్న మొదటి మాట, "లెన్సు బాగానే ఉందిగా? మూత తీసి చూశావా?"

అది పందొమ్మిది వందల డెబ్బై అయిదు, అక్టోబరు. టాంటన్‌లో ఆవిరి ఇంజన్లు పోయినందుకు కళ్ళు తుడుచుకున్నవాళ్ళు చాలామందే ఉండేవారు. డీజిల్ ఇంజన్లకు ఫొటోలు తీసేవాళ్ళను చూసి వాళ్ళే నవ్వేవారు. రెజ్‌కి ఆ నవ్వులు పట్టేవి కావు. గ్యాసు మీటర్లు చూసే ఉద్యోగం, శనివారాలు వెస్టర్న్ అనే జాతి డీజిల్ ఇంజన్లు, అంతే అతని జీవితం. ఆ జాతి ఇంజన్లు మొత్తం డెబ్బై నాలుగు. పదమూడేళ్ళలో డెబ్బై మూడింటికి ఫొటోలు తీశాడు. ఊరికే తీయడం కాదు. ఇంజను కదులుతూ ఉండాలి, మెయిన్ లైను మీద ఉండాలి, ముఖం మీద ఎండ పడాలి. షెడ్డులో నిలబడి ఉన్నవీ, మబ్బులో తీసినవీ అతని దృష్టిలో ఫొటోలే కావు.

మిగిలిపోయింది యాభై తొమ్మిది. దాని కోసం అతను ఎన్నోసార్లు వెళ్ళాడు. ఒకసారి సరిగ్గా అప్పుడే మబ్బు పట్టింది. ఒకసారి దగ్గరి పట్టాల మీద గూడ్సు బండి అడ్డొచ్చింది. ఒకసారి ఫిల్ము అయిపోయింది. ఇప్పుడేమో దాన్ని ఈ వారంతో పట్టాల మీంచి తీసేసి తుక్కుకి పంపేస్తారని, మంగళవారం పదకొండుంపావు బండికి కడతారని డిపోలో పనిచేసే తెలిసినాయన ఫోన్ చేశాడు.

మ్యూరియల్ వంటింట్లో ఇస్త్రీ చేస్తోంది. రెజ్ కర్రల మీద కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మంగళవారం నీకు బడిలో వంట పని లేదుగా?"

"లేదు. ఎందుకు?"

"హెల్యర్ వంతెన దాకా వెళ్ళొస్తావా?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నన్నా? నేను తీసిన ఫొటోల్లో తలలుండవని మా చెల్లెలి పెళ్ళప్పటి నుంచి దెప్పుతున్నావు కదా, మహానుభావా."

"ఇంజనుకి తల ఉండదులే. అన్నీ నేను పెట్టి ఇస్తాను. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఇంజను ముక్కు సిగ్నల్ స్తంభం దగ్గరికి రాగానే నొక్కాలి. ముందు కాదు, వెనక కాదు."

"తప్పిపోతే?"

"తప్పిపోదు," అన్నాడు రెజ్.

సోమవారం సాయంత్రమంతా ఆమె చేత అలమర తలుపు పిడికి గురి పెట్టించి, ఖాళీ కెమెరాతో నలభై సార్లు నొక్కించాడు.

మంగళవారం ఎండ కాసింది. మ్యూరియల్ తొమ్మిదిన్నర బస్సెక్కి ఊరి బయట దిగి, పొలం దారిన నడిచి, పట్టాల మీదుగా కట్టిన ఆ వంతెన చేరింది. వంతెన గోడ రాళ్ళు మంచులా చల్లగా ఉన్నాయి. ఫ్లాస్కు కింద పెట్టి, కెమెరా మూత తీసి కోటు జేబులో వేసుకుని, జేబు తడిమి మళ్ళీ చూసుకుంది. దూరంగా ఒక రైతు ట్రాక్టరు మీద ఎరువు చల్లుతున్నాడు. ఇన్నేళ్ళుగా రెజ్ శనివారాలు ఇలాంటి చోటే గడిపాడన్న మాట, అనుకుంది. ఇంట్లో గోడకి రంగు వేయమంటే మాత్రం నడుం నొప్పి.

పదకొండు దాటాక మోత వినపడింది. మలుపు తిరిగి నీలం రంగు ఇంజను వచ్చింది, వెనక తొమ్మిది పెట్టెలు. మ్యూరియల్ కెమెరా కంటికి ఆనించింది. ఇంజను పెరుగుతూ వచ్చింది. స్తంభం ఇంకా కొంచెం దూరం ఉంది. అప్పుడు డ్రైవరు కిటికీ లోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. హారను కూడా కొట్టాడు, రెండుసార్లు.

మ్యూరియల్ చెయ్యి ఊపింది.

అనుకుని చేసింది కాదు. ముప్పై ఏళ్ళుగా వీధిలో ఎవరు చెయ్యి ఊపినా ఆమె ఊపుతుంది. పాలవాడికి, పాదరీ గారికి, ఎవరో తెలియకపోయినా సరే. కుడి చెయ్యి దానంతటదే లేచింది. అది కిందికి దిగేసరికి ఇంజను వంతెన కింద ఉంది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి కాళ్ళ కింద నుంచి పోయాయి. ఇంజను పక్క పలక మీద యాభై తొమ్మిది నంబరు ఆమెకి స్పష్టంగా కనిపించింది.

ఫ్లాస్కులో టీ చల్లారేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఏడవలేదు, ఏడవాల్సినంత విషయమా అనుకుంది. కానీ ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. పన్నెండున్నరకి అదే వైపు నుంచి మళ్ళీ మోత వినపడింది. అదే నీలం, అదే ముఖం, వెనక అలాంటి పెట్టెలే. ఈసారి డ్రైవరు ఆమె వైపు చూడలేదు. ముక్కు స్తంభం దగ్గరికి రాగానే మ్యూరియల్ నొక్కింది.

ఇంట్లో రెజ్ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"తీశావా?"

"తీశాను."

రెండు మాటలూ నిజమే. ఆ రెండూ కలిస్తే మాత్రం అబద్ధం. రెజ్ ఆమె చెయ్యి పట్టుకుని, "చేతులు ఇంత చల్లగా ఉన్నాయేమిటే," అన్నాడు. ఆ రాత్రి భోజనానికి ఆమె ఒక బంగాళాదుంప ఎక్కువ ఉడికించింది.

కడగడానికి పంపిన ఫిల్ము పోస్టులో పోతే బాగుండునని మ్యూరియల్ రెండు వారాలు కోరుకుంది. పోలేదు. పసుపు కవరు వచ్చింది. రెజ్ అందులోంచి అట్ట చట్రంలో బిగించిన స్లైడు తీసి, కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. మ్యూరియల్ సింకు దగ్గర ఒకే గిన్నెని మళ్ళీ మళ్ళీ తోమింది. "ఎండకి నంబరు పలక తళుక్కుమంది, అంకెలు చదవడానికి వీల్లేదు," అని గొణిగాడు రెజ్.

"బాగుంది," అన్నాడు చివరికి. "ముక్కు సరిగ్గా స్తంభం దగ్గరే ఉంది." తర్వాత, "నువ్వేమైనా చెప్పాలా?" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"ఏం లేదు. చలెక్కువ వేసిందా అని."

అట్ట చట్రం మీద సన్నటి పాళీతో నంబరు, వంతెన పేరు, తేదీ రాశాడు. కింద 'ఫొటో: ఎం. చిడ్జీ' అని రాశాడు. స్లైడ్ల పెట్టెలో ఖాళీగా మిగిలిన డెబ్బై నాలుగో గడిలో దాన్ని పెట్టి మూత వేశాడు.

ఇక మిగిలింది నవంబరు ప్రదర్శన. రైలు ఫొటోల క్లబ్బు వాళ్ళు పాతికమంది చర్చి వెనక హాల్లో చేరి, ఒకరి స్లైడ్లు ఒకరు చూసి, తప్పులు పట్టుకునే సాయంత్రం అది. ఫొటో బాగా రాకపోతే ఆ గుంపు క్షమిస్తుంది. నంబరు తప్పు రాస్తే క్షమించదు. రెండేళ్ళ కిందట డెస్మండ్ హెంబ్రో అనే పోస్టాఫీసు గుమాస్తా వేసిన స్లైడు చూసి రెజ్ లేచి, "అది నలభై ఎనిమిది కాదు డెస్మండ్, నలభై ఏడు," అన్నాడు. ఆ ఫొటో అప్పటికే ఒక పత్రికలో అచ్చయి ఉంది. ఏడాది పాటు డెస్మండ్‌ని అందరూ 'ఏమోయ్ నలభై ఎనిమిదీ' అనే పిలిచారు. డెస్మండ్ నవ్వేవాడు, కానీ మరిచిపోలేదు.

అదంతా మ్యూరియల్‌కి తెలుసు. రోజూ పొద్దున చెప్పేద్దామనుకునేది. రెజ్ కట్టు లోంచి బయటికి కనిపించే కాలివేళ్ళకి ఊలు తొడుగు వేస్తూ రెండుసార్లు నోరు తెరిచింది. "ఏమిటి?" అనేవాడు రెజ్. "బిగుతుగా ఉందా?" అని అడిగి ఊరుకునేది.

ప్రదర్శన రోజున వాళ్ళను కారులో తీసుకెళ్ళింది కూడా డెస్మండే. రెజ్ నడపలేడు, మ్యూరియల్‌కి రాదు. హాల్లో ఆమె ఎప్పట్లాగే టీ బల్ల దగ్గర నిలబడింది. దీపాలు ఆర్పారు. డెబ్బై నాలుగు వెస్టర్న్‌లు వరసగా తెర మీదికొచ్చాయి. చివరిది పడగానే, "యాభై తొమ్మిది. హెల్యర్ వంతెన, దాని ఆఖరి మంగళవారం. తీసింది మా ఆవిడ," అన్నాడు రెజ్. నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు.

"అబ్బో, మొగుడి కంటే పెళ్ళామే నయం!" అన్నారెవరో.

"ఒక్క నిమిషం," అన్నాడు డెస్మండ్. అతను లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. అతని నీడ ఇంజను మీద పడింది. "యాభై తొమ్మిదికి ఆగస్టులో కిటికీ కింద రేకు మార్చారు. కొత్త నీలం పాత నీలంలో కలవలేదు, తలుపంత మచ్చ. ఇక్కడ మచ్చేదీ?" జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి వెలుగులోకి పట్టాడు. "ఆ రోజు పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను స్టేషన్లో ఉన్నాను. యాభై తొమ్మిది ముందు బండికి వచ్చింది. తర్వాతి బండికి అరవై ఆరు. ఇది అరవై ఆరు."

మ్యూరియల్ చేతిలో కప్పు బల్ల మీద పెట్టి, "అది నేను..." అంటూ మొదలుపెట్టింది.

"నంబరు రాసింది నేను," అన్నాడు రెజ్, ఆమె మాట మీదే. "మ్యూరియల్ రెండు తీసింది. ఒకటి చెడిపోయింది. ఉన్నదాని మీద తప్పు నంబరు వేశాను."

"నువ్వు?" అన్నాడు డెస్మండ్.

"నేనే."

"కాలితో పాటు తలకీ దెబ్బ తగిలినట్టుందిరోయ్!" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు. హాలంతా నవ్వింది. "ఇక నుంచి నువ్వే యాభై తొమ్మిదివి!" అన్నాడు ఇంకొకాయన. రెజ్ కూడా నవ్వాడు. చీకట్లో ప్రొజెక్టరు వెలుగు అతని మొహం మీద పడి, ఆ నవ్వు ఎలా ఉందో మ్యూరియల్‌కి బాగా కనిపించింది. పదమూడేళ్ళలో అతను ఒక్క నంబరు కూడా తప్పు రాయలేదు.

తిరుగుదారిలో ఆమె వెనక సీట్లో ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమనుకోకు రెజ్," అన్నాడు డెస్మండ్, వాళ్ళ వీధి మలుపు తిప్పుతూ. "నంబరంటే నంబరే కదా."

"నంబరంటే నంబరే," అన్నాడు రెజ్.

ఇంట్లోకి వచ్చాక మ్యూరియల్ కోటు కూడా విప్పలేదు.

"డ్రైవరు చెయ్యి ఊపాడు," అంది. "నేనూ ఊపాను. అంతలో అయిపోయింది. నువ్వన్న రెండో ఫొటో అసలు లేనే లేదు."

"తెలుసు. కవర్లో నువ్వు తీసింది ఒక్కటే ఉంది."

"ఒక్కటే ఉంటే? అది యాభై తొమ్మిది అయ్యుండొచ్చుగా."

"స్తంభం నీడ," అన్నాడు రెజ్, కర్రలు గోడకి ఆనిస్తూ. "పదకొండుంపావుకి అవతలి గట్టు దాకా పోతుంది. నీ ఫొటోలో సగానికే ఆగిపోయింది. నేను ఆ వంతెన మీద యాభై సార్లు నిలబడ్డాను, మ్యూరియల్."

"మొదటి రోజే తెలుసన్న మాట."

"కిటికీ దగ్గరే."

"మరి అడగొచ్చుగా!" ఆమె గొంతు పెరిగింది. "మూడు వారాలు నన్ను చంపుకు తిని! పైగా డెస్మండ్ ముందు వెయ్యడం దేనికి?"

"నువ్వే చెప్తావని చూశాను. ఇవాళ పొద్దుటి దాకా చూశాను." అతను కుర్చీలో కూలబడి, కట్టు కాలు ముక్కాలి పీట మీద పెట్టుకున్నాడు. "తర్వాత తీసేద్దామంటే మనసొప్పలేదు. నీ పేరు రాసి ఉంది."

ఆమెకి కోపం తగ్గలేదు. కోటు విప్పి తగిలించి, కెటిల్ పొయ్యి మీద పెట్టి, రెండు కప్పులు తీసింది. తనది మాత్రమే నింపుకుందామనుకుని, రెండూ నింపింది.

"ఆ డ్రైవరుకి గడ్డం ఉందా?" అన్నాడు రెజ్.

"ఉంది. ఎర్రగా."

"ఆ దరిద్రుడా! కంచెకి కట్టిన మేకకి కూడా ఊపుతాడు వాడు." ముందుకు వంగి, "దగ్గరగా చూశావా? నంబరు?" అన్నాడు.

"పలక మీద మసి కూడా చూశాను. మచ్చ ఉంది. డెస్మండ్ చెప్పినట్టే, తలుపంత."

రెజ్ స్లైడ్ల పెట్టె తెప్పించుకున్నాడు. స్లైడు మీద యాభై తొమ్మిది కొట్టేసి అరవై ఆరు రాసి, దాన్ని ఇదివరకు తను తీసిన అరవై ఆరు స్లైడు వెనక దూర్చాడు. తర్వాత ఫిల్ము లేని ఖాళీ చట్రం ఒకటి తీసుకుని, పాళీతో మెల్లగా రాసి, డెబ్బై నాలుగో గడిలో పెట్టాడు. మ్యూరియల్ కళ్ళద్దాలు సర్దుకుని వంగి చదివింది. నంబరు, వంతెన, తేదీ, సమయం పదకొండుంపావు. కింద 'ఫొటో' అన్న మాట లేదు. 'చూసినవారు: ఎం. చిడ్జీ' అని ఉంది.

"వచ్చే ఏడాది ఇదే వేస్తావా?"

"వేస్తాను."

"తెర మీద తెల్లగా పడుతుంది, అంతే."

"పడనీ," అన్నాడు రెజ్, టీ అందుకుంటూ. "తప్పు పట్టుకోమను డెస్మండ్‌ని."