కోలాటం కిరణ్మయిది

ఆరిన బట్టలు సోఫాలో కుప్పపోసుకుని మడతపెడుతోంది కిరణ్మయి. పక్కనే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న భర్త ఉదయ్ భాస్కర్ తలెత్తకుండానే అన్నాడు.

"కోలాటం టీమ్ మన రసజ్ఞే పెట్టిందని రాసేద్దాం."

కూతురు చేరాలనుకుంటున్న యూనివర్సిటీకి మార్కులొక్కటే చాలవట. చదువు కాకుండా ఇంకేం చేశావో చెప్పమంటోంది. పిల్ల తనంతట తానే ఏదో మొదలుపెట్టినట్టుంటే సీటు ఖాయమని మాదాపూర్ కన్సల్టెంట్ చెప్పాడట.

కిరణ్మయి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. పుప్పాలగూడలోని ఈ అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఆ టీమ్ పెట్టింది తను. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు పీకుతున్నా, పై అంతస్తుల మేనేజర్లనీ మెట్లు తుడిచే గంగమ్మనీ ఒకే వరసలో నిలబెట్టి అడుగులు నేర్పింది తను. అప్పుడీయన ఏమన్నాడు? "ఈ వయసులో ఆ కర్రలాటేంటి? నలుగురూ నవ్విపోతారు." అత్తగారు భ్రమరాంబ అయితే, "కోడలు కింద గంతులేస్తుంటే పైన మాకు కంచాలెవరు పెడతారు?" అని మూతి ముడుచుకున్నారు. ఇవాళ అదే కర్రలాటకి లీడర్‌షిప్ అని పేరొచ్చింది, అదీ వేరేవాళ్ళ పేరు మీద.

"తల్లిది పిల్లది కాదేంటి? ఇచ్చేస్తే అరిగిపోతావా?" అన్నారు భ్రమరాంబ.

ఇచ్చెయ్యడం కిరణ్మయికి కొత్తేం కాదు. మాడని అట్టు ఎప్పుడూ ఇంకొకరిదే. రసజ్ఞ పదో తరగతి చదివిన ఏడాది ఆఫీసులో తన ప్రమోషన్ కూడా వద్దనుకుంది. ఇప్పుడూ 'సరే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కర్రకి కర్ర తగిలినప్పుడు ఒంట్లో పుట్టే హుషారు తన సొంతం. అదొక్కటీ ఇవ్వాలంటే ఏడుపొచ్చింది.

"నాకు మొదటి అడుగే రాదు నాన్నా!" గదిలోంచి వస్తూ అంది రసజ్ఞ. "ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెయ్యను? నేను చేసేదే రాస్తా. అమ్మ కోలాటానికి వెళ్ళిన రోజు నలుగురికీ చపాతీలు చేసేది నేనే."

"వంట కూడా ఒక యాక్టివిటీయేనా? నవ్వుతారే!" అన్నాడు ఉదయ్ భాస్కర్.

కిరణ్మయికి నిజంగానే నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"కాకపోతే, పెళ్ళైన దగ్గర్నుంచీ నేను చేస్తున్నదేంటండీ?"

అని కూతురివైపు తిరిగింది.

"చపాతీలే రాయి తల్లీ. సీటొస్తే వాటితోనే రానీ. కోలాటం మాత్రం నాది." ఆ మాట పైకి అన్నాక ఎంత హాయిగా ఉందో!

ఫోన్ మోగింది. "ఏంది మేడమ్, ఇంకా రాకపోతిరి? అందరం నిలవడ్డం ఈడ," అంటోంది గంగమ్మ.

కిరణ్మయి బట్టల కుప్పని భర్త పక్కకి జరిపి కోలాటం కర్రలు అందుకుంది. వంటింటివైపు కదలబోయిన రసజ్ఞని చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు నాతో రా, మొదటి అడుగు నేర్పుతా." చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది. "ఏవండీ, గోధుమపిండి డబ్బా స్టవ్ కింద అరలో ఉంది. ఇవాళ్టి నుంచి మీ యాక్టివిటీ మొదలుపెట్టండి."